తడి ఆరితే వేడి పోతుంది: వడదెబ్బలో ప్రాణరక్ష, పసిబిడ్డకు ప్రాణగండం

ఇంజెక్షన్ చేసే ముందు నర్సు చేతి మీద దూదితో స్పిరిట్ రాస్తుంది. రాసిన చోట చల్లగా అనిపిస్తుంది. చాలామంది పిల్లలు "ఐస్ పెట్టారా సిస్టర్?" అని అడుగుతుంటారు. ఆ స్పిరిట్ సీసా ఫ్రిజ్‌లో పెట్టింది కాదు. పక్కనే ఉన్న మంచినీళ్ళ గ్లాసు ఎంత వేడిగా ఉందో స్పిరిట్ కూడా అంతే వేడిగా ఉంది. మరి చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది?

స్పిరిట్ చర్మం మీద క్షణాల్లో ఆరిపోతుంది. ఆరిపోవడమంటే ద్రవం ఆవిరిగా మారడం. అలా మారడానికి దానికి వేడి కావాలి. ఆ వేడిని అది మన చర్మం నుంచే లాక్కుంటుంది. అందుకే ఆ చోటు చల్లబడుతుంది. ఇంత చిన్న సంగతి మీద ఎండాకాలంలో కూలీ ప్రాణం, కాన్పు గదిలో అప్పుడే పుట్టిన బిడ్డ ప్రాణం ఆధారపడి ఉన్నాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ అది నిజం. అందుకే ఈసారి ఈ విషయం గురించి కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాము.

పొయ్యి మీద నీళ్ళు చెప్పే పాఠం

గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. పది నిమిషాల్లో మరిగాయనుకుందాము. ఆ తరువాత మంట ఎంత పెంచినా నీళ్ళ వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ఆగిపోతుంది. మంట మండుతూనే ఉంది, వేడి పోతూనే ఉంది, కానీ నీళ్ళు అంతకు మించి వేడెక్కవు. ఆ వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. అదే మంట మీద ఆ నీళ్ళన్నీ ఇగిరిపోవాలంటే ఇంకా గంటకు పైగా పడుతుంది.

ఈ రహస్యాన్ని 1760లలో లెక్కకట్టి చెప్పినవారు స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్. ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో బోధించేవారు, స్వయంగా వైద్యులు కూడా. థర్మామీటరుకు కనిపించకుండా దాగి ఉండే ఈ వేడినే మన పాఠ్య పుస్తకాలు గుప్తోష్ణం అంటాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో క్యాలరీ చాలు. ఒక కిలో ఐసు కరిగి నీరు కావడానికి 80 కిలో క్యాలరీలు కావాలి. కానీ ఒక లీటరు మరిగే నీరు పూర్తిగా ఆవిరి కావడానికి 540 కిలో క్యాలరీలు కావాలి. నీరు మరగకుండా చర్మం మీది చెమటలాగా మెల్లగా ఆరినా ఈ ఖర్చు తప్పదు. పైగా కొంచెం ఎక్కువే, సుమారు 580 అవుతుంది.

చెమట ఎందుకు పడుతుంది?

మన శరీరం ఆరని పొయ్యి. అరవై కిలోల మనిషి ఊరికే కూర్చున్నా గంటకు సుమారు 70 కిలో క్యాలరీల వేడి పుడుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే గంటకు ఒక డిగ్రీకి పైగా ఒళ్ళు కాలిపోతుంది. గడ్డపార పట్టి మట్టి తవ్వేవారికి, ఇటుక బట్టీలో మోసేవారికి ఇంతకు నాలుగైదు రెట్లు వేడి పుడుతుంది.

చలికాలంలో ఈ వేడి చుట్టూ ఉన్న గాలిలోకి తేలికగా పోతుంది. కానీ చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి 40 డిగ్రీలు ఉంటే వేడి మన నుంచి గాలిలోకి పోదు. గాలి నుంచే మన ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా చర్మం మీదే ఆరితే, అరవై కిలోల మనిషి ఒళ్ళు పది డిగ్రీలకు మించి పెరగడానికి సరిపోయే వేడిని అది మోసుకుపోతుంది. ఇంతకన్నా గొప్ప చల్లని యంత్రం బజారులో దొరకదు.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. చెమట కారడం వల్ల చల్లబడము, చెమట ఆరడం వల్ల చల్లబడతాము. కారి నేలపాలైన చెమట ఒంట్లోని నీటిని, ఉప్పును తీసుకుపోతుందే తప్ప వేడిని తీసుకుపోదు.

రెంటచింతల ఎండ, మచిలీపట్నం ఉక్క

"మా ఊళ్ళో 38 డిగ్రీలేనండీ, 45 ఉన్న ఊళ్ళవాళ్ళే తిరుగుతున్నారు, మాకేమవుతుంది?" అని కొందరు అంటుంటారు. ఈ లెక్క సరికాదు.

వర్షాకాలంలో దండెం మీద వేసిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండటమే కారణం. చెమటకూ అదే జరుగుతుంది. సముద్రం పక్కనున్న మచిలీపట్నం, కాకినాడ వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది కానీ ఆరదు. దీనినే మనం ఉక్కపోత అంటాము. థర్మామీటరు తక్కువ చూపినా శరీరానికి వేడి వదిలించుకునే దారి మూసుకుపోతుంది.

పల్నాడులోని రెంటచింతల, తెలంగాణలోని రామగుండం వంటి చోట్ల ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది. చెమట వెంటనే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగానే కనిపిస్తుంది కాబట్టి "నాకు చెమటే పట్టలేదు" అనుకుంటారు. తెలియకుండానే ఒంట్లోని నీరు తగ్గిపోతుంది. అక్కడ దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండాలి. రెండు చోట్లా ప్రమాదం ఉంది, వచ్చే దారి వేరు.

మట్టికుండ కూడా ఇదే చెబుతుంది. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల నుంచి నీరు బయటకు ఊరి, ఆరిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో చల్లగా ఉండే కుండ నీళ్ళు వానాకాలపు ముసురులో అంత చల్లగా ఉండవు. గాలిలో తేమ ఎక్కువైతే కుండ పని మందగిస్తుంది, మన ఒంటి పనీ మందగిస్తుంది. కుండ నీళ్ళు చల్లబడని రోజున పెద్దవారిని, పిల్లలను మరింత జాగ్రత్తగా చూసుకోండి.

ఎయిర్ కూలరు కూడా పెద్ద కుండే. గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి కూలరు వేస్తే కాసేపటికి గదిలో తేమ నిండి ఉక్క మొదలవుతుంది. కూలరు వేసినప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచండి.

ఇక ఫ్యాను. ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి మీది తడిని త్వరగా ఆర్పుతుంది, అంతే. గది వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటితో ఫ్యాను కింద కూర్చుంటే అది వేడిగాలినే మీదకు తోలుతుంది. అటువంటప్పుడు ముఖం, మెడ, చేతులు తడుపుకుంటూ ఉండాలి. లేదా ఆ గది వదిలి చల్లని చోటికి వెళ్ళాలి.

వడదెబ్బ తగిలితే

2003 మే, జూన్ నెలలలో వచ్చిన వడగాడ్పులకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. ఇటువంటి మరణాలలో ఎక్కువ భాగం వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలవి. వీటిలో చాలా వరకు ఆపగలిగినవే.

ఒళ్ళు 40 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోవాలి. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనుకోవద్దు. వడదెబ్బలో ఒళ్ళు పొడిగా ఉండవచ్చు, చెమటతో తడిసి ఉండవచ్చు కూడా.

అప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మెదడుకు, కిడ్నీలకు దెబ్బ తగిలేది ఆ నిమిషాలలోనే. ఈ పనులు చేయండి.

మొదట నీడకు చేర్చండి. బిగువుగా ఉన్న బట్టలు, మందపు బట్టలు తీసివేయండి. ఒళ్ళంతా నీళ్ళు చల్లుతూ విసరండి. ఫ్యాను ఉంటే ఫ్యాను, లేకపోతే విసనకర్ర, అట్టముక్క, తువ్వాలు ఏదైనా సరే. తడపడం ఎంత ముఖ్యమో విసరడం అంతే ముఖ్యం. విసిరినప్పుడే తడి ఆరుతుంది, ఆరినప్పుడే వేడి పోతుంది. ఆరిన కొద్దీ మళ్ళీ తడపండి.

ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు రెండు వైపులా, చంకలలో, గజ్జలలో పెట్టండి. అక్కడ పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. ఐసు కరుగుతూ ఆ రక్తం నుంచి వేడిని తీసుకుంటుంది. ఉక్క ఎక్కువగా ఉండి తడి ఆరని రోజుల్లో ఐసు, చల్లని నీళ్ళు మరింత అవసరం. మనిషిని తడి దుప్పటిలో చుట్టి వదిలేయడం మాత్రం మంచిది కాదు. కాసేపటికి ఆ దుప్పటి వేడెక్కి, గాలి తగలకుండా చేసి, వేడిని లోపలే ఆపుతుంది.

స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు, సోడా, నిమ్మరసం ఏదీ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం బిళ్ళ వేయవద్దు, వడదెబ్బకు అది పనిచేయదు. మనిషి చుట్టూ మూగవద్దు. గాలి ఆగిపోతే తడి ఆరదు.

జ్వరం సంగతి వేరు

"వడదెబ్బకు అంత తడపమన్నారు, మరి జ్వరం వచ్చిన బిడ్డకు ఐసునీళ్ళతో ఒళ్ళు తుడవవచ్చా?" అని తల్లులు అడుగుతారు. వద్దు.

వడదెబ్బలో శరీరం వేడిని వదిలించుకోలేక ఓడిపోతుంది. జ్వరంలో రోగక్రిములతో పోరాడటానికి మెదడే కావాలని వేడిని పెంచుతుంది. అప్పుడు ఐసునీళ్ళు పోస్తే శరీరం వణికి ఇంకా వేడి పుట్టిస్తుంది, బిడ్డ బాధపడుతుంది. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇచ్చి, పలుచని బట్టలు వేసి, పాలు, నీళ్ళు తాగిస్తూ ఉండాలి. స్పిరిట్‌తో, కొలోన్‌తో ఎప్పుడూ తుడవవద్దు. త్వరగా ఆరి చల్లదనం ఇస్తుంది నిజమే, కానీ అది చర్మం ద్వారా, ఊపిరి ద్వారా బిడ్డ రక్తంలోకి చేరి విషమవుతుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర ఇదే ప్రమాదం

ఎండలో పడిపోయిన మనిషిని కాపాడే ఈ సూత్రమే కాన్పు గదిలో శత్రువు అవుతుంది. బిడ్డ ఉమ్మనీటితో తడిసి పుడుతుంది. అమ్మ కడుపులో 37 డిగ్రీల వెచ్చదనం నుంచి ఒక్కసారిగా గది గాలిలోకి వస్తుంది. ఒంటి మీది తడి ఆరడం మొదలవుతుంది. ఆ తడికి కావలసిన వేడి బిడ్డ ఒంటి నుంచే పోతుంది.

మూడు కిలోల బిడ్డ ఒంటి మీద రెండు చెంచాల తడి, అంటే పది గ్రాములు ఆరిందనుకోండి. అందుకు కావలసిన వేడి అంతా బిడ్డ ఒంటి నుంచే పోతే రెండు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. పెద్దవారికి ఈ తడి లెక్కలోది కాదు. పసిబిడ్డకు అది పెద్ద దెబ్బ. నెలలు నిండని బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు ఇంకా పెద్ద దెబ్బ. పసివారు మనలాగా వణికి వేడి పుట్టించుకోలేరు. చల్లబడిన బిడ్డ పాలు సరిగా చీకదు, మందంగా అయిపోతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది.

అందుకే బిడ్డ పుట్టగానే మేము మొదట చేసే పని పొడి గుడ్డతో ఒళ్ళంతా తుడవడం. తుడిచిన తడి గుడ్డను పక్కన పడేసి మరో పొడి గుడ్డ తీసుకుంటాము. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, తలకు టోపీ పెడతాము. ఆ సమయంలో ఫ్యాను ఆపివేస్తాము. "ఇంత ఉక్కలో ఫ్యాను ఆపుతారేమిటి సిస్టరమ్మా?" అని బంధువులు విసుక్కోవడం మాకు అలవాటే. పెద్దవారికి ఉక్కగా ఉన్న గదే తడి బిడ్డకు సరైన గది.

ఇక స్నానం. "బిడ్డకు నీళ్ళు పోయకుండా ఎలా ఎత్తుకోమంటారు?" అని అమ్మమ్మలు, నాయనమ్మలు అడుగుతుంటారు. పెద్దమ్మలారా, మీ ప్రేమ మాకు తెలుసు. కానీ నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నా, పోయడం ఆగిన మరుక్షణం ఆ తడి ఆరుతూ బిడ్డను చల్లబరుస్తుంది. అందుకే పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటి మీది తెల్లని జిగురు మురికి కాదు. అది చర్మానికి రక్ష, దానిని రుద్ది తీయవద్దు. బరువు తక్కువ బిడ్డ విషయంలో డాక్టరు చెప్పేదాకా ఆగండి.

ఇంటికి వెళ్ళాక కూడా తడిసిన గుడ్డను వెంటనే మార్చండి. బిడ్డ పొట్ట, పాదాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తోందని అర్థం. వెంటనే రొమ్ముకు హత్తుకుని కప్పండి. రెండూ చల్లగా ఉంటే అలాగే హత్తుకుని ఆసుపత్రికి తీసుకురండి.

ఆవిరి తిరిగి నీరైతే

నీరు ఆవిరి కావడానికి ఎంత వేడి తీసుకుంటుందో, ఆవిరి తిరిగి నీరైనప్పుడు అంత వేడినీ వదిలేస్తుంది. ఒక గ్రాము మరిగే నీరు చర్మం మీద పడితే వదిలే వేడికన్నా, అదే వేడిలో ఉన్న ఒక గ్రాము ఆవిరి నీరై వదిలే వేడి సుమారు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ. కుక్కరు మూత, ఇడ్లీ పాత్ర మూత తెరిచేటప్పుడు అయ్యే కాలిన గాయాలు లోతుగా ఉండటానికి కారణం ఇదే. మూతను మీకు అవతలి వైపు నుంచి ఎత్తండి. జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ళ గిన్నెను పిల్లల ఒళ్ళో, మంచం మీద పెట్టవద్దు. చిన్నపిల్లలకు అసలు పట్టవద్దు.

కాలితే 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయవద్దు.

ఇదే శక్తిని ఆసుపత్రిలో మేము మంచికి వాడుకుంటాము. ఆపరేషన్ గుడ్డలు, పరికరాలు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి 15 నుంచి 20 నిమిషాలలో క్రిమిరహితమవుతాయి. పొడి వేడిగాలితో అయితే 160 డిగ్రీలలో రెండు గంటలు పడుతుంది. ఆవిరి పరికరాన్ని తాకి నీరవుతూ తన వేడినంతా అక్కడే దింపుతుంది, తేమ కూడా క్రిములను చంపడానికి తోడవుతుంది. అందుకే డ్రమ్ములలో గుడ్డలు కుక్కి పెట్టవద్దని మా విద్యార్థినులకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతాము. ఆవిరి తాకని గుడ్డ శుద్ధి కానట్టే.

ఈ వేసవిలో ఇంటింటా గుర్తుంచుకోవలసినవి

1. ఎండలో పనిచేసేవారు నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓ.ఆర్.ఎస్. తరచుగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్ళు కొలిచి తాగమన్నవారు డాక్టరును అడిగి తాగండి.

2. వదులుగా ఉండే నూలు బట్టలు కట్టండి. గాలి ఆడితేనే చెమట ఆరుతుంది.

3. ఎండ పనికి కొత్తగా వెళ్ళేవారు మొదటి వారం తక్కువ గంటలు చేయండి. శరీరం సరిగా చెమట పట్టడం నేర్చుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

4. అలర్జీ, వణుకుడు జబ్బు, మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. మందు మీరే ఆపవద్దు. మీరు వాడేది అటువంటిదా అని డాక్టరును అడగండి.

5. ఒంటరిగా ఉండే వృద్ధులకు దాహం తెలియదు, చెమట కూడా తక్కువ. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి పలకరించండి. మాట తడబడితే ఆలస్యం చేయవద్దు.

6. వడదెబ్బ తగిలినవారిని తడిపి విసరండి. అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచి కప్పండి.

ఈ చివరి మాట ఒక్కటి ఇంట్లో అందరికీ నేర్పండి. వంటగది తలుపు మీద వ్రాసి అంటించినా మంచిదే.